చేతి తాళం – కాలి తాళం
(డ్రమ్స్ వాయించేవారి హై-హ్యాట్ ధ్వని గురించి ఒక పరిశీలన)

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, ఉద్దానం

వేమన కంచునూ కనకాన్నీ పక్కపక్కన పెట్టి చెప్పిన పద్యం మనమందరం చిన్నతనంలో బట్టీ పట్టినదే. తెలుగు మాస్టారు దాని నీతి వివరించి, కంచులాగా మోగకండిరా, బంగారంలాగా ఉండండిరా అని దీవించి పంపేవారు. నీతి మంచిదే. కాని భౌతికశాస్త్రం చదువుకుంటున్న నాబోటివాడికి ఇప్పుడు మరో ప్రశ్న పుడుతోంది. అసలు కంచు ఎందుకు మోగుతుంది? బంగారం ఎందుకు మోగదు? భజనలోనైనా బ్యాండులోనైనా మోగే లోహం అంటూ ఒకటి లేకపోతే లయ నిలిచేదెలాగ?

ఈ వ్యాసంలో కంచు తరఫున నాలుగు మాటలు చెప్పదలచాను. అందుకు ఉదాహరణగా డ్రమ్ సెట్టులోని హై-హ్యాట్‌ను తీసుకుంటున్నాను. పేరు ఇంగ్లీషుదే అయినా, అది మన భజన తాళాలకు దూరపు చుట్టమేమీ కాదని చివరికి మీరే ఒప్పుకుంటారు.

రిహార్సల్లో జరిగినది

మాది కొబ్బరి, జీడి తోటల మీద బతికే కుటుంబం. మా ఊరి భజన మందిరంలో తాత తాళం వేస్తుంటే ఆయన పక్కన కూర్చుని నేనూ తాళం పట్టడం నేర్చుకున్నాను. ఆ ఒక్క అర్హత చూసి గత సంవత్సరం కాలేజీ డేకి మిత్రులు నన్ను డ్రమ్స్ వెనకాల కూర్చోబెట్టారు. అద్దెకు తెచ్చిన సెట్టు. పెద్ద డ్రమ్ము బాగానే పలికింది, చిన్న డ్రమ్ము బాగానే పలికింది. కాలితో నొక్కితే "చిక్" అని తెగిపడవలసిన హై-హ్యాట్ మాత్రం "ఫుప్" అని ఊరుకున్నది. తడిసిన గోనెసంచి మీద గుప్పిటతో గుద్దినట్టు!

పళ్ళేలు పాడైపోయాయని ఒకరన్నారు. పళ్ళేలు కాదు, వాయించేవాడికే రాదని మరొకరన్నారు. కొత్త జత కొందామంటే మా దగ్గర మిగిలిన డబ్బు అందులో నాలుగో వంతుకు కూడా చాలదు. కార్యక్రమానికి ఇక రెండే రోజులు. నేను లేచి వెళ్ళిపోదామనుకున్న మాట కూడా నిజమే. తరువాత ఏం జరిగిందో చెప్పే ముందు ఈ వస్తువు ఏమిటో చూద్దాం.

హై-హ్యాట్ అంటే

నిలువుగా ఒక స్టాండు. దాని మీద ఒక పళ్ళెం వెల్లకిలా, దాని పైన మరో పళ్ళెం బోర్లా ఉంటాయి. రెండింటి మధ్యలోంచి ఒక కడ్డీ పోతుంది. పై పళ్ళేన్ని ఆ కడ్డీకి 'క్లచ్' అనే బిగింపుతో తగిలిస్తారు. అడుగున ఉన్న పెడల్‌ను కాలితో నొక్కితే కడ్డీ కిందికి దిగి పై పళ్ళెం కింది పళ్ళెం మీద పడుతుంది. కాలు తీస్తే స్ప్రింగు దానిని మళ్ళీ లేపుతుంది. సాధారణంగా పళ్ళెం వ్యాసం 14 అంగుళాలు. 13, 15 అంగుళాలవి కూడా వాడతారు.

వెనకటి రోజుల్లో పెద్ద డ్రమ్ముకు ఒకరు, చిన్న డ్రమ్ముకు ఒకరు, తాళాలకు ఒకరు కావలసి వచ్చేది. మన వైపు పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళంలో ఈ పద్ధతి ఇప్పటికీ చూడవచ్చు. అమెరికాలో 1909లో విలియం లుడ్విగ్ తయారుచేసిన పెడల్‌తో పెద్ద డ్రమ్ము పని కాలికి అప్పగించబడింది. 1920ల్లో రెండో కాలికి తాళాలు కట్టే ప్రయత్నాలు జరిగాయి. మొదట వచ్చినవి చీలమండ ఎత్తులోనే ఉండేవి, కర్రతో కొట్టడానికి అందేవి కావు. ఆ దశకం చివరికి కడ్డీ పొడవు పెంచి పళ్ళేలను నడుము ఎత్తుకు లేపారు. అలా ఎత్తుకు లేచినదే హై-హ్యాట్. 1930ల్లో కౌంట్ బేసీ వాద్యబృందంలో జో జోన్స్ అనే డ్రమ్మరు లయ నడకను పెద్ద డ్రమ్ము మీది నుండి హై-హ్యాట్ మీదికి తెచ్చి, దానికి గౌరవం సంపాదించిపెట్టాడు.

దీనిని తాళంతో పోల్చి చూడండి. మా తాత తాళంలో రెండు రకాల దెబ్బలున్నాయి. తగిలించి విడిచిపెడితే "తైఁ..." అని సాగుతుంది. తగిలించి అలాగే మూసి ఉంచితే "చక్" అని ఆగుతుంది. హై-హ్యాట్‌లోనూ అంతే. కాలు తీసి కర్రతో కొడితే సాగే ధ్వని, కాలు నొక్కిపట్టి కొడితే పొట్టి ధ్వని, సగం నొక్కితే రెండు పళ్ళేలూ ఒకదానికొకటి రాసుకుని గరగరలాడే ధ్వని. చేతి పని కాలికి వచ్చింది, అంతే తేడా.

కంచు ఎందుకు మోగుతుంది?

రాగిలో తగరం కలిపితే కంచు. రాగిలో తుత్తునాగం కలిపితే ఇత్తడి. మంచి హై-హ్యాట్ పళ్ళేలు కంచుతోనే చేస్తారు. నూటికి 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం ఉన్నది పై తరగతి. 92 పాళ్ళు రాగి, 8 పాళ్ళు తగరం ఉన్నది రెండో రకం, దీనిని రేకుగా సాగదీయడం తేలిక. ఇక అన్నిటికన్నా చవక ఇత్తడిది. గుడి గంటకు పోసే కంచులో తగరం సుమారు 22 పాళ్ళు. అంటే గుడి గంటా, ఖరీదైన హై-హ్యాట్ దాదాపు ఒకే ఇంటి పిల్లలన్నమాట.

లోహాన్ని కొట్టినప్పుడు అది వంగి, స్థితిస్థాపకత వల్ల తిరిగి లేస్తుంది. ఇలా పదే పదే ఊగడమే కంపనం. మెత్తని లోహాలలో ఈ ఊగే శక్తి లోపలి రాపిడికి త్వరగా వేడిగా మారిపోతుంది. దీనినే మనం అవరుద్ధ కంపనాలనే పాఠంలో చదువుకున్నాం. సీసం, మేలిమి బంగారం ఈ కోవలోవి. తగరం కలిసిన రాగి గట్టిపడుతుంది, లోపలి రాపిడి తగ్గుతుంది, కంపనం చాలాసేపు నిలుస్తుంది. వేమన చూసినది నిజం. దానికి కారణం ఆడంబరం కాదు, అంతర్ఘర్షణ తక్కువగా ఉండటం!

అయితే తగరం పెరిగేకొద్దీ కంచు పెళుసవుతుంది. 20 పాళ్ళ కంచును పోతపోసి మెల్లగా చల్లారనిస్తే సుత్తి దెబ్బకు గాజులా పగులుతుంది. మరి దానిని పళ్ళెంగా సాగగొట్టడం ఎలాగ? ఇక్కడే పనివారి తెలివి ఉన్నది. దానిని ఎర్రగా కాల్చి, ఆ వేడి మీదనే సాగదీసి, చివరికి ఎర్రగా ఉండగానే నీటిలో ముంచుతారు. ఉక్కును ఇలా ముంచితే గట్టిపడి పెళుసవుతుంది. అధిక తగరపు కంచు దీనికి సరిగ్గా తలకిందులు. వేగంగా చల్లారడం వల్ల పెళుసు స్ఫటికాలు ఏర్పడే వ్యవధి దొరకదు, లోహం దెబ్బకు ఓర్చుకుంటుంది. ఆ తరువాత సుత్తితో సొట్టలు వేసి, లేతు మీద చివ్వి, పలచన చేస్తారు.

ఈ పనికి లోకంలో పేరు మోసినది జిల్జియాన్ కుటుంబం. 17వ శతాబ్దంలో ఇస్తాంబుల్ నగరంలో అవెడిస్ అనే ఆర్మీనియన్ ఈ పని మొదలుపెట్టాడు. 'జిల్' అంటే తుర్కీ భాషలో తాళం. మొత్తం పేరుకు అర్థం తాళాలు చేసేవాడి కొడుకు అని. వృత్తిని బట్టి ఇంటిపేరు! 1929 నుండి ఆ కుటుంబపు కంపెనీ అమెరికాలో పనిచేస్తున్నది. మన జిల్లాలో సరవకోట మండలం బుడితి గ్రామం కంచు, ఇత్తడి సామానుకు పెట్టింది పేరు. ఆ పనికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. లోహం గుణం చేతితో తెలుసుకున్నవారు మనకు దగ్గరలోనే ఉన్నారని మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

పళ్ళెం ఎలా పలుకుతుంది?

తీగె మోగితే దాని పౌనఃపున్యాలు 1, 2, 3, 4 నిష్పత్తిలో ఉంటాయి. అందుకే అది స్పష్టమైన స్వరంగా వినబడుతుంది. గుండ్రని పళ్ళెం అలా కాదు. అంచు స్వేచ్ఛగా ఉన్న చదును పళ్ళేనికి మొదటి ఐదు పౌనఃపున్యాల నిష్పత్తులు 1, 1.73, 2.33, 3.91, 4.11. ఒకదానితో ఒకటి పొత్తు కుదరని సంఖ్యలివి. హై-హ్యాట్ పళ్ళెం చదునుగా ఉండదు, మధ్యలో బుడిపె, చుట్టూ వాలు ఉంటాయి కనుక ఈ అంకెలు మారతాయి. కాని పొత్తు మాత్రం కుదరదు. ఇన్ని పౌనఃపున్యాలు కిక్కిరిసి ఉండటం వల్ల అది ఏ ఒక్క స్వరమూ కాదు. కనుకనే పాట ఏ శ్రుతిలో ఉన్నా హై-హ్యాట్ దానితో తగవు పడదు.

మృదంగం విషయంలో దీనికి వ్యతిరేకం జరిగింది. మామూలు చర్మానికి కూడా పొత్తు కుదరని పౌనఃపున్యాలే ఉంటాయి. మధ్యలో నల్లని కరణ వేయడం వల్ల అవి తీగె నిష్పత్తులకు దగ్గరగా వస్తాయని 1920లో సర్ సి.వి. రామన్ తన సహచరునితో కలిసి ప్రకటించారు. రామన్‌గారి చిన్ననాటి చదువు మన విశాఖపట్నంలోనే సాగిందని చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పళ్ళెం కంపిస్తున్నప్పుడు కొన్ని గీతలు మాత్రం కదలక నిలిచి ఉంటాయి. పళ్ళెం మీద సన్నని ఇసుక చల్లితే ఆ గీతల మీదికి చేరి ముగ్గులా కనిపిస్తుంది. జర్మనీ దేశస్థుడు క్లాడ్ని 1787లో ఈ ముగ్గులను ప్రచురించాడు. తక్కువ పౌనఃపున్యపు ముగ్గులలో అనేకం సరిగ్గా మధ్యబిందువు గుండా పోతాయి. అంటే అక్కడ కదలిక తక్కువ. తాళానికి తాడు మధ్యలో కట్టడం, హై-హ్యాట్‌కు కడ్డీ మధ్యలో దూర్చడం ఇందుకే. అంచు పట్టుకుంటే గొంతు పట్టుకున్నట్టే.

కొట్టిన వెంటనే మొదట తక్కువ పౌనఃపున్యాలు బలంగా ఉంటాయి. సెకనులో పదో వంతు గడిచేలోగా ఆ శక్తి కొంత 3000 నుండి 5000 హెర్ట్జ్ ప్రాంతానికి చేరుకుంటుంది. "తళతళ"లాడే ఆ మెరుపు ధ్వని అక్కడిదే. గట్టిగా కొట్టేకొద్దీ ఈ మార్పిడి ఎక్కువ. మెల్లగా కొట్టిన పళ్ళేనికీ, బలంగా కొట్టిన పళ్ళేనికీ బిగ్గరతనంలోనే కాక రంగులో కూడా తేడా ఉండటానికి కారణం ఇదే.

ఇకపోతే పరిమాణం. అదే లోహం, అదే ఆకారం అయితే పౌనఃపున్యం మందానికి అనులోమానుపాతంలోను, వ్యాసం వర్గానికి విలోమానుపాతంలోను ఉంటుంది. 14 అంగుళాల పళ్ళేనికి బదులు అదే మందం గల 13 అంగుళాలది తీసుకుంటే పౌనఃపున్యం సుమారు 16 శాతం, 12 అంగుళాలదైతే 36 శాతం పెరుగుతుంది. మందం రెట్టింపైతే పౌనఃపున్యమూ రెట్టింపు. కాబట్టి పలచని పెద్ద పళ్ళెం గొంతు బరువు, తొందరగా పలికి తొందరగా ఆగుతుంది. మందపాటి చిన్న పళ్ళెం గొంతు సన్నం, దూరం పోతుంది.

రెండు పళ్ళేల మధ్య గాలి

ఇప్పుడు నా కథకు వద్దాం. ఆ రాత్రి తాతకి ఫోను చేశాను. ఫోను హై-హ్యాట్ దగ్గర పెట్టి నాలుగుసార్లు తొక్కాను. ఆయన విని, "ఏట్రా అది? రెండు పల్లేలూ ఎదురెదురుగా మూసీసి గాలిని లోపలెట్టి తాళం ఏస్తన్నావు. గాలెల్లడానికి సందుండాల. కొంచెం వార పెట్టి కొట్టమని సిన్నప్పుడే సెప్పినాను కదా!" అన్నారు.

హై-హ్యాట్ ఆయన కంటితో చూసినది కాదు. కాని రోగం పట్టేశారు. నేను కాగితం మీద లెక్క వేశాను. 14 అంగుళాల పళ్ళెం వ్యాసార్ధం సుమారు 178 మిల్లీమీటర్లు. రెండు పళ్ళేలూ ఖచ్చితంగా సమాంతరంగా మూసుకుంటే, లోపలి గాలి అంచు చుట్టూ ఉన్న సందులోంచే బయటికి పోవాలి. గాలి పోయే వేగం, పళ్ళెం దిగే వేగానికి వ్యాసార్ధాన్ని రెట్టింపు సందుతో భాగించినన్ని రెట్లు ఉండాలి. సందు ఒక మిల్లీమీటరు ఉన్నప్పుడు అది 89 రెట్లు! అర మిల్లీమీటరుకు 178 రెట్లు! అంత వేగంగా పోలేక గాలి లోపల దిండులా నిలబడుతుంది. లోహం లోహాన్ని తాకే ముందే దెబ్బ మెత్తబడుతుంది. మా "ఫుప్" అదే. మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం గల చేతి తాళానికి అదే సందులో 15 రెట్లే అయినా, దానినే వార పెట్టి కొట్టమని తాత చెప్పేవారంటే పెద్ద పళ్ళేల సంగతి చెప్పాలా?

మర్నాడు స్టాండు చూస్తే కింది పళ్ళెం కూర్చునే చోట అడుగున చిన్న మర ఉన్నది. దానిని పూర్తిగా వదులు చేసి ఉంచారు. నాలుగు చుట్లు బిగించేసరికి కింది పళ్ళెం ఒక పక్కకు కొద్దిగా వాలింది. పెడల్ తొక్కాను. "చిక్!" హాలు చివర కుర్చీలు సర్దుతున్నవారు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఒక్క పైసా ఖర్చు లేదు. ఈ గాలి బాధ తప్పించడానికే కొన్ని కంపెనీలవారు కింది పళ్ళెం అంచును అలలుగా వంచుతారు, కొందరు దానికి రంధ్రాలు వేస్తారు. మర తిప్పడం వీటన్నిటికన్నా చవక.

మరొక సంగతి. జత అంటే అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నవి కానక్కరలేదు. హై-హ్యాట్‌లో సాధారణంగా కింది పళ్ళెం బరువు, పైది తేలిక. కిందిది దాగలిలాగా నిలబడుతుంది, పైది సుత్తిలాగా చురుకుగా పలుకుతుంది. మన నట్టువాంగం తాళాలలోనూ ఒకటి ఉక్కుది, ఒకటి ఇత్తడిది. రెండు పళ్ళేల పౌనఃపున్యాలు చాలా దగ్గరగా ఉంటే విస్పందనాలు ఏర్పడి, విడిచిన ధ్వని అలలు అలలుగా ఊగుతుంది. భజన తాళం సాగే ధ్వనిలో మీరు వినే ఊగు అదే.

వాయించే మిత్రులకు

1. కొనేటప్పుడు ఒక్కొక్క పళ్ళేన్నీ విడిగా వేలాడదీసి కొట్టి వినండి. తరువాత జతగా వినండి. తూకం, వ్యాసం రెండూ చూడండి.

2. పళ్ళేల మధ్య సందు సుమారు ఒక అంగుళం లోపు ఉంచండి. క్లచ్‌లోని ఫెల్టు బిళ్ళలను బిగించి నలిపేయకండి. పై పళ్ళెం కొంచెం ఊగే స్వేచ్ఛ ఉండాలి.

3. అంచు మీద కర్ర బొద్దుతో కొడితే ధ్వని బరువుగా, వాలు మీద కర్ర మొనతో కొడితే స్పష్టంగా, బుడిపె మీద కొడితే గంటలాగా ఉంటుంది. మూడూ సాధన చేయండి.

4. ఉప్పుగాలి తగిలే మా తీరపు ఊళ్ళలో వాయించిన తరువాత పొడిగుడ్డతో తుడిచి పెట్టండి. చింతపండుతో మెరుగు పెట్టే అలవాటు వంటగిన్నెలకు సరే గాని, గీతలు చివ్విన పళ్ళేలకు వద్దు.

పగిలిన తాళం

2018 అక్టోబరు 11 వేకువను మా ఉద్దానంవారు మరచిపోలేరు. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. తెల్లారేసరికి తాత నాటిన కొబ్బరిచెట్లు వరసగా పడి ఉన్నాయి. జీడితోట ఆనవాలు లేదు. భజన మందిరం గోడ కూలి లోపలి సామాను దాని కింద పడింది. మద్దెల పోయింది. తాళాల జతలో ఒకదానికి అంచు నుండి లోపలికి అంగుళంలో మూడో వంతు పగులు.

తోట సంగతి ఆలోచించవలసిన ఇంట్లో తాళం సంగతి ఎవరు పట్టించుకుంటారు? తరువాత ఎప్పుడో తీర్థంలో ఒక ఇత్తడి జత కొన్నాం. మెరుస్తుంది, కాని "తైఁ..." అని సాగదు, "టంగు" అని ఆగిపోతుంది. కంచుకూ ఇత్తడికీ తేడా నేను పుస్తకం కన్నా ముందు అక్కడ విన్నాను. పాత సామాను కొనేవాడు వచ్చి పగిలినదానిని తూకానికి అడిగితే తాత ఇవ్వలేదు. దేవుడి గూటిలో పెట్టారు.

పగులు ధ్వనిని ఎలా చంపుతుందో ఇప్పుడు నాకు తెలుసు. అలలు పగులును దాటలేవు, దాని రెండు అంచులు రాసుకుని శక్తిని తినేస్తాయి. పైగా పగులు మొన సూదిలా ఉండటం వల్ల ప్రతి దెబ్బకూ ప్రతిబలమంతా అక్కడే పోగై అది ఇంకా పాకుతుంది. డ్రమ్మర్లు దీనికి ఒక ఉపాయం చేస్తారు. పగులు ఆగిన చోట సన్నని రంధ్రం వేస్తారు. సూదిమొన గుండ్రనవుతుంది, ప్రతిబలం చెదురుతుంది, పగులు అక్కడితో ఆగుతుంది.

మొన్న సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు తాతని ఒప్పించి ఆ తాళాన్ని టెక్కలిలో ఒక లేతు షాపుకు పట్టుకెళ్ళాను. కంచు పెళుసని చెప్పి, అడుగున చెక్క పెట్టించి, మెల్లగా రంధ్రం వేయించాను. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ తాత షాపు బయటే నిలబడ్డారు, లోపలికి రాలేదు.

ఇంటికొచ్చి తాడు కట్టి జతతో తాకించాం. పాత గొంతు పూర్తిగా రాలేదు. రాదు కూడా. కాని పగులు గరగర చాలావరకు తగ్గింది, ధ్వని కొంచెం సాగింది. తాత రెండుసార్లు వేసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "నా గొంతులాగే ఉంది, సగం బొంగురు. పరవాలేదు, పాటకి సాలుతుంది" అన్నారు.

ఆ శనివారం భజనకు ఇత్తడి జతను ఇంట్లోనే ఉంచి దానినే పట్టుకెళ్ళారు. నేను పక్కన కూర్చున్నాను. కొంచెం వార పెట్టే వేస్తున్నారు.